సంచిలోంచి సున్నా

జీడిమెట్ల నాలుగో ఫేజులో తెల్లవారుజాము మూడున్నర.
పర్మిట్ మీద నా సంతకం ఇంకా ఆరలేదు,
వాకీటాకీలో ఇందుమతి:
"లూప్ మాన్యువల్‌ల పెట్టిన. ఇగ నీదే."

సాల్వెంట్ పంపు పైన, నిచ్చెన పదకొండో మెట్టుకి ఎదురుగా
కూచుని ఉంది అది.
కొబ్బరికాయంత నీలం తల, తెల్లటి యాంటెన్నా.
తీగ లేదు. తిండి అరచేతిలో పట్టే బ్యాటరీ.
ఆరేళ్లుగా నిమిషానికోసారి లేచి
పైపులో ఒత్తిడెంతో గాలికి చెప్పి
మళ్ళీ పడుకుంటుంది.
వానకి, యాసిడ్ పొగకి, మా మూడు షిఫ్టులకి
ఒకటే మాట: ఆరు పాయింట్ రెండు, ఆరు పాయింట్ రెండు.

ఇవాళ దించాలి.

ముందు రూట్ వాల్వు.
కుడికి. ఇంకా కుడికి.
చెయ్యి ఇక చాలన్నాక ఇంకో పావు చుట్టు.
ఆ పావు చుట్టు ఖలీల్ సాబ్‌ది.
ఆయనకి ఎడమ కనుబొమ్మ లేదు.
ఎందుకు లేదో ఒక్కసారే చెప్పాడు, క్యాంటీన్‌లో,
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో మెత్తబడి
విరిగి పడేంత సేపట్లో:
"సున్నా చూపిస్తుందంటే సున్నా ఉన్నట్టు కాదు బేటా.
సన్న పైపులో మడ్డి కడుతుంది.
మడ్డి వెనక ప్రెషర్ నక్కుతుంది.
మొహం పక్కకి పెట్టు. పైలం."

మొహం పక్కకి పెట్టాను. షీల్డు దించాను.
కింద ఈదయ్య డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్పు తగిలించి
గొట్టం మూతి పట్టుకుని
నా స్పానర్‌కేసి చూస్తున్నాడు.
డ్రెయిన్ స్క్రూ, సగం చుట్టు.

ఏమీ రాలేదు.

ఏమీ రాకపోతేనే భయం.
నిమిషం ఆగితే గానీ అంకె మారదు.
మడ్డి అడ్డమొచ్చిందో, ఇది నిద్రలో ఉందో,
ఆ నిమిషంలో తెలిసే దారి లేదు.
ఇంకో పిసరు తిప్పాను.
షాపూర్‌నగర్‌లో మా గల్లీకి నల్లా వచ్చే ముందు
పైపు దగ్గినట్టు దగ్గింది.
బిందెల వరసలో కునికే ఆడవాళ్లంతా
ఒక్కసారి లేచే చప్పుడు అది.
ఇక్కడ లేవడానికి ఎవరూ లేరు.
నల్లటి ముద్ద ఒకటి, వెనకే సన్నటి ధార,
గోళ్ల రంగు వాసన.
నాలుగు. రెండున్నర. పాయింట్ తొమ్మిది.
సున్నా.
"అయిపోయిందా మేడమ్?" అన్నాడు ఈదయ్య.
డ్రెయిన్ మూయకుండా వంద లెక్కపెట్టాను.
మళ్ళీ సున్నా. అప్పుడు నమ్మాను.

నాలుగు నట్లు విప్పి
కాన్వాస్ సంచిలో వేసుకున్నాను.
ఈ వాసనలో దాని మూత విప్పను. అది వర్క్‌షాపు పని.
యార్డు దాటుతుంటే ఇందుమతి నవ్వుతోంది:
"ఏడున్నవో కనబడ్తలేవు గానీ
నీ సంచి సున్నా సున్నా అంటున్నది."

బల్ల మీద పెట్టాక ఎందుకో
గ్లవ్స్ చేత్తో దాని మూతి గట్టిగా మూసి
ఒక నిమిషం పట్టుకున్నాను.
"ఏయ్, పాయింట్ సున్నా రెండు వస్తున్నదేంది?"
"నేనే."
బ్యాటరీ లాగేశాను.

స్క్రీన్ మీద ఆఖరి అంకె బూడిద రంగుకి తిరిగి
అలాగే ఉండిపోతుందట, కొత్తది బిగించేదాకా.
ఆరింటికి పగటి షిఫ్టు వస్తుంది.
లేని పరికరంలో ఈ కాస్త ఒత్తిడి ఎవరిదని అడుగుతారు.
పర్మిట్ వెనక్కి తిప్పి చూశాను.
అది రాయడానికి గడి లేదు.