సున్నం తిన్న వేళ్ళు

తొట్టి మూత తీయగానే
తెల్లటి చలి ఒకటి మొహానికి కొడుతుంది.
మూడు నెలలుగా నీళ్ళలో మగ్గుతున్న సున్నం.
అదుగ్న మేస్త్రీ వేలితో కాస్త తీసి
పెరుగు తోడుకుందో లేదో చూసేవాడిలా చూసి
"ఇంకా పచ్చే" అంటాడు.
తాపీ పట్టినవాడికి తొందర ఉండకూడదట.
నాకుంది.
పదింటికి బ్యాంకుకి పోవాలి.

గోండార్ మీద పొగమంచు ఇంకా విడలేదు.
ఫాసిలిదాస్ కోట నాలుగు మూలలా
గుడ్డుపెంకుల్లాంటి గుమ్మటాలు నెత్తిన పెట్టుకుని
ఎవరో పిలిస్తే లేద్దామన్నట్టు కూర్చుంది.

అంతకు ముందు రాజులకి ఊరంటే గుడారమే.
కట్టెలైపోతే, గడ్డైపోతే
రాజ్యాన్ని కంచరగాడిదల మీదకెత్తి ఇంకో లోయకి.
ఒకాయన ఇక్కడ ఆగాడు.
ఆగడానికి సున్నం కావలసొచ్చింది.

దాన్ని కాల్చడం నేర్పింది
సముద్రం అవతలి మనిషంటారు.
హిందూదేశం వాడా, పోర్చుగీసు వాడా?
కాఫీ పొయ్యి దగ్గర అదుగ్న
ఆ గౌరవాన్ని రోజుకొకరికి కట్టబెడతాడు.

కోటగోడకి పన్నెండు ద్వారాలు.
తీర్పులు చెప్పేవాళ్ళకొకటి, పాటగాళ్ళకొకటి,
నూలు వడికే ఆడవాళ్ళకొకటి,
పావురాల పేరు మీద కూడా ఒకటి.
సున్నం మోసేవాళ్ళదేది అని అడిగాను, చేరిన కొత్తలో.
"ఏది తెరిచుంటే అది."

ఇయాసు మేడకి కప్పు లేదు.
దంతం, అద్దాలు, బంగారు రేకు ఉండేవట.
భూకంపం కొంత తిన్నది,
నలభై ఒకటిలో విమానాలు మరికొంత.
వానాకాలం రాజుగారి పడకగదిలో పచ్చగడ్డి.
సింహాల బోను ఖాళీ.
మా అమ్మ చిన్నప్పుడు
ఆ గర్జనకి ఉలిక్కిపడి పాలు ఒలకబోసేదట,
దెబ్బలు మాత్రం తనకే.

మా పని సిమెంటు ఊడదీయడం.
ఇటలీ సైన్యం ఇక్కడే కచేరీ పెట్టి
కారిన చోటల్లా బూడిదరంగు ముద్దలు అతికించింది.
సిమెంటు గట్టిది. అదే దాని రోగం.
రాయికి పట్టిన చెమట బయటికి పోక
లోపల్లోపలే ఉప్పై, పొరలు పొరలుగా రాలుతుంది.
సున్నం అలా కాదు, గోడతో పాటు ఊపిరి తీస్తుంది.

ఇవాళ పడమటి మెట్ల వంపు కింద
ఉలి దెబ్బకి పైపెచ్చు ఊడింది.
కింద, రెండో పొర మీద,
ఒక అరచెయ్యి.
చిన్నది. బొటనవేలు లోతుగా దిగింది.
గోడని ఆనుకుని క్షణం నిలబడ్డ చెయ్యి.

మా తాత చెకోల్ ఇక్కడే సిమెంటు మోశాడు,
కూలికని అనలేను, కూలి ఇవ్వలేదు.
అప్పుడు తనకెన్నేళ్ళో తాతకే తెలీదు.
ఇది ఆయనదేనని ఎలా అనను?
కాదని మాత్రం ఎలా అనను?

అదుగ్న వచ్చి చాలాసేపు చూశాడు.
టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.
"తీసెయ్యి, మంతెగ్‌బోష్."

మూడు దెబ్బలు.
నాలుక మీద దుమ్ము.
రాయికి నీళ్ళు తాగించి
పచ్చిసున్నమే మెత్తాను, అరచేత్తో నిమిరాను.
మంచి పని గుర్తు మిగల్చదంటాడు మేస్త్రీ.

బ్యాంకులో ఎర్రదీపం మిషను.
కుడి చూపుడువేలు. కాదంది.
ఎడమది. కాదంది.
పదీ అయ్యాయి.
గుమాస్తా కుర్రాడు హెనోక్
తప్పు తనదైనట్టు తల దించుకుని
"మీకు వేలిముద్రలు లేవమ్మా" అన్నాడు.

ఉన్నాయన్నాను.
పడమటి మెట్ల కింద, ఇంకా తడిగా.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
చేతులకి వెన్న రాసుకుని
సోమవారం రమ్మన్నాడు.

సోమవారానికి గోడ కాస్త ఆరుతుంది.
వేళ్ళ సంగతి తెలీదు.