తోకల లెక్క

మాసూళ్ళకు ముందు పది రోజులు
పల్లంకుర్రు చేలగట్ల మీద
మా మామ్మ పేరు మోగేది.
"ఈరమ్మొచ్చిందా? ఈరమ్మని పిలవండ్రా."
మిగతా ఏడాదంతా
ఆ పేరుకి ఎవరికీ నోరు తిరగదు.

పొగకుండ నాకన్నా పెద్దది, వయసులో.
అడుగున వేలు దూరేంత బెజ్జం.
లోపల ఎండుగడ్డి కుక్కి, నిప్పు రాజేసి,
మూతిని కన్నానికి ఆనించి
బెజ్జంలోంచి ఊదేది మామ్మ.
ఊపిరంతా మట్టిలోకి పోయేది.
నాలుగు బారల అవతల
గట్టు దగ్గేది.
అక్కడ నేను, సంచి మూతి తెరిచి.

రాత్రికి ఆ కుండే
చూరు కింద వేపాకు పొగ, దోమలకి.
అగ్గిపెట్టె చెమ్మగిల్లిన పూట
పక్క గుడిసె నుంచి నిప్పు తెచ్చేదీ అదే.

గెడ్డపలుగు సంగతి చెప్పాలంటే
ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.
గాలివాన రాత్రి, రేవు దాటించే పడవ లేదు.
నేలలో దిగ్గొట్టిన పలుగుని పట్టుకుని
నన్ను కన్నది.
తెల్లారి తాత దాన్నే పెరికి
గట్టు తవ్వి రెండు దోసిళ్ళ వడ్లు తెచ్చాడు.
బాలింతకి మొదటి ముద్ద
ఎలుక దాచుకున్నది.

ఊత ఉంది, వెదురుది.
మోకాటి లోతులో కొర్రమీను మీద బోర్లించేది.
కాలవ కట్టేసిన నెలల్లో కోడిపిల్లల మీద.
దోగాడే రోజుల్లో నా మీద,
నీళ్ళలో పడతానని.
నేను మొదట చూసిన ఊరు
నిలువు చీలికలుగా ఉండేది.
ఇప్పటికీ ఒక్కోసారి అలాగే కనిపిస్తుంది.

తోకకి రెండు రూపాయలు.
సత్తిరాజుగారు పుల్లతో కదుపుతూ లెక్కపెట్టేవారు,
చెయ్యి తగలకుండా.
నూట పదకొండు, అనేవారు.
ఒంట్లు రాని మామ్మ
నూట పద్నాలుగు, అనేది.
మళ్ళీ పుల్ల.
నూట పద్నాలుగే.

తవ్విన ప్రతి కన్నంలోనూ
పిడికెడు కంకులు వదిలేసేది మామ్మ.
జాలి అనుకున్నాను.
బడిలో వ్యాసం కూడా రాశాను, బహుమతి ఇచ్చారు.
పెద్దయ్యాక అడిగితే
పొగాకు పక్కకి ఉమ్మి
"జాలేంటే పిచ్చిదానా,
వచ్చే ఏడు మనల్నెవరు పిలుస్తారు?" అంది.

ఇప్పుడు మందు నూకలు పొట్లాలు కట్టి
గట్ల మీద పెడుతున్నారు.
సగం చేలు రొయ్యల చెరువులు.
పొగకుండ పగిలింది, ఏ రోజో గుర్తులేదు.
పలుగు మాత్రం ఇంటి వెనకాల
డిష్ గొడుగుకి ఆసరాగా ఉంది.
గాలి తోలితే బొమ్మ ఆగిపోతుంది.
మామ్మ గొణుక్కుంటూ లేచి
పలుగు నెత్తిన రాయితో ఒక్కటిస్తుంది.
"వచ్చిందా?"
లోపల్నించి నేను అరుస్తాను,
ఇంకొంచెం, ఇంకొంచెం.