చుక్కల నలుపు మీద

ఆంప్లిఫయర్ వచ్చి పదకొండు రోజులు.
చీమకుర్తి క్వారీలో బీట పడిందని పక్కన పారేసిన
గెలాక్సీ పలకొకటి నేనే కోయించి, అంచులు రుద్ది
దాని కింద వేశాను.
ఇప్పుడది చీకట్లో చుక్కల మధ్య కూర్చున్నట్టుంటుంది,
వెచ్చగా, ఉలుకూ పలుకూ లేకుండా.

పలికించే పెట్టె ఇంకా కొనలేదు.

ఒంగోలు నుంచి సిలార్ రెండు స్ట్రీమర్లు పంపాడు.
వారం వాడి చూడన్నా, నచ్చింది ఉంచుకో,
రెండోది బస్సులో వేసెయ్ అన్నాడు.
ఒకదానికి అరచేతంత తెర.
పాట పేరు, పాడిన ఏడాది, అట్ట మీది బొమ్మ, అన్నీ చూపిస్తుంది.
రెండోదానికి ముఖమే లేదు.
ఇటుకంత ఇనుము, ఒక్క దీపం, అదీ గుడ్డిగా.
ధర మాత్రం మొదటిదానికి రెట్టింపు.
"లోపల గడియారం మంచిదన్నా" అంటాడు ఫోన్లో.
పాటకు గడియారమెందుకో,
షిఫ్టు సైరన్ తప్ప గడియారమెరగని నాకు
విడమరిచేసరికి అతని ఛార్జింగ్ అయిపోయింది.

సిలార్‌కి చెప్పనిది ఒకటుంది.
ఇరవై ఆరేళ్లు డ్రిల్లు పక్కన నిలబడ్డ చెవులు నావి.
నిరుడు డాక్టరమ్మ గాజు గదిలో కూర్చోబెట్టి
పిట్టకూతల్లాంటివి పెట్టి, వినపడితే బటన్ నొక్కమంది.
చాలాసేపు నేను నొక్కలేదు.
బయటికొచ్చాక కాగితం మీద గీత చూపించింది.
కుడివైపుకు పోయేకొద్దీ
క్వారీ గోడలా నిటారుగా దిగిపోయిన గీత.

ఇట్లాంటి చెవులు పెట్టుకుని అంత ఖరీదు యంత్రమేందంటే
ఏం చెప్పను?
పళ్లూడినోడికి చెరుకు మీద మనసు పోదా ఏంది.

రాత్రి, పాలిషింగ్ మిషన్లు ఆగి
కరెంటు కాస్త కుదుటపడ్డాక
ఒకే సన్నాయి కచేరీ రెండింట్లోనూ పెట్టి చూశాను.
ముందు ఇది, తర్వాత అది, మళ్లీ ఇది.
వైర్లు మార్చాను, కుర్చీ జరిపాను, కళ్లు మూసుకున్నాను.
నిజం చెప్పాలంటే
నాకు రెండూ ఒకటే.

వంటింటి గడపలో మాలకొండమ్మ గోంగూర తుంచుతోంది.
పాటలంటే ఆమెకు పట్టదు.
ముఖం లేని పెట్టెకు మార్చిన కాసేపటికి
తుంచే చేయి ఆగింది.
"ఊపిరి పీలుస్తన్నాడు" అంది.
"ఎవరు?"
"ఊదేవాడు. ఇందాక ఊదడమే వినపడింది,
ఇప్పుడు పీల్చుకోవడం కూడా."

చెప్పకుండా తెర ఉన్నదానికి మార్చాను.
చేయి మళ్లీ నడిచింది.
మళ్లీ ఇటు తిప్పాను.
ఆగింది.

ఆ ఊపిరి నాకు వినపడలేదు.
అక్కడ ఉందని మాత్రం తెలిసింది,
పలక కోయకముందే
రాయిలో చుక్కలున్నట్టు.

పొద్దున్నే తెరపెట్టెను అట్టలో సర్ది
ఒంగోలు బస్సు కండక్టరు చేతికిచ్చాను.
"ఏం తేడా కనిపెట్టావన్నా?" అడిగాడు సిలార్.
"గోంగూర" అన్నాను.
మిగతా డబ్బు రెండు విడతల్లో ఇస్తానని చెప్పి పెట్టేశాను.