రసీదు లేని పద్దు

మా ఆఫీసుని ఫౌండేషన్ అంటారు.
పునాది అని తెలుగులో అనుకున్నప్పుడల్లా
నాకు నవ్వొస్తుంది.
హల్ ఊళ్లో, చేపల రేవు వెనక,
రెండో అంతస్తులో ఉందీ పునాది.
మెట్లెక్కి రావాలి.

ఇటుకల బట్టీలతో గడించిన ఒకావిడ
ముప్ఫయ్యేళ్లు నిండని ఆర్కిటెక్టులకు
ఉన్నదంతా రాసిచ్చి పోయింది.
లెక్కలు చూసేది నేను.
ఏటా మార్చిలో అట్టపెట్టెలొస్తాయి,
నూట నలభై దాకా.
విప్పితే తెల్లటి నగరాలు,
గోరంత మనుషులు, దూదితో చెట్లు.
ఎక్కడా వాన పడదు వాటిలో.
ఎవరి గొడుగూ తిరగబడదు.

టీగన్ మార్‌ఫ్లీట్ మాత్రం
చెప్పుల డబ్బాలో ఒక బస్టాపు తెచ్చింది.
మూడు గోడలు, ఒక వంపు, ఒక బల్ల.
"ఇంతేనా?" అన్నాడు జ్యూరీ పెద్దాయన
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి.
"ఇంతే. హంబర్ గాలిలో
అగ్గిపుల్ల వెలగాలి, అంతే."
ఆ తర్వాత చాలాసేపు
హీటరు చప్పుడొక్కటే.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్లు.
బస్టాపు సంగతి వాళ్లకి తెలీదు పాపం.
కౌన్సిల్ అనుమతికి ఏడు నెలలు.
తవ్వితే పాత ట్రాము పట్టా తగిలింది,
ఇంకో రెండు.
మేమిచ్చిన ఎనిమిది వేల పౌండ్లు
నేలలోకి దిగే కాంక్రీటుకే చాలాయి.
గోడల కోసం ఆ పిల్ల
రాత్రిళ్లు బేకరీలో పిండి పిసికింది.
తెచ్చిన రసీదుల మీదా పిండే.
దులిపి ఫైల్లో పెట్టేదాన్ని.

మిగతా నూట ముప్ఫై తొమ్మిది మందికీ
"చింతిస్తున్నాం" అని రాసిన చెయ్యి కూడా నాదే.
ఆ నగరాలన్నీ ఇప్పుడు ఎవరి మంచాల కింద
దుమ్ము పట్టి ఉన్నాయో.

ప్రారంభం నాడు
డైరెక్టరు రిబ్బను ముందు నిలబడి
"సంస్కృతి" అన్నారు, "రేపటి తరం" అన్నారు.
మూడో కాగితం గాలి లాక్కుపోయి
నదికిచ్చింది.
అప్పుడందరం లోపలికి దూరాం.
అక్కడ హేడక్ చేపల సంచీతో ఒక ముసలాయన
ముందే కూర్చుని ఉన్నాడు.
కాస్త జరిగాడు. అంతే.
ఆవిడ పేరున్న ఇత్తడి రేకు ఏదని
అడిగింది ట్రస్టీ ఒకామె.
బల్ల అడుగున వేసిందట టీగన్.
నాణెం జారి వంగినవాళ్లకే కనిపిస్తుంది.
ట్రస్టీ మొహం చూడాల్సింది!

అగ్గిపుల్ల మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఆదివారం రాత్రి,
సిగరెట్టు ముట్టని నేను
ఒక అగ్గిపెట్టె కొనుక్కుని వెళ్లాను.
బయట చెత్తడబ్బా మూత కొట్టుకుంటోంది.
ఆరు పుల్లలు గీశాను.
అయిదు నిటారుగా, వేలు చురుక్కుమనేదాకా వెలిగాయి.
ఆరోదానికి అసలు తలే లేదు.

సోమవారం ఫైలు మూసేముందు
ఆఖరి పద్దు రాశాను:
తనిఖీ ఖర్చు, ముప్ఫై పెన్నీలు.
రసీదు లేదు.