పదకొండోది

సాయంత్రం ఆరింటికి ఆ గది తుడిచింది నేనే.
ఆరు షవర్లు, నాలుగు సింకులు,
అద్దం మీద ఎవరి పిల్లో టూత్‌పేస్టుతో గీసిన చేప.
చేపని తుడవలేదు.
వేసవి సెలవుల కూలికి
ఆమాత్రం ఇష్టాయిష్టాలుంటాయి.

టామరాక్ సరస్సు అప్పుడు
తోడుకున్న పెరుగులా కదలకుండా ఉంది.
లూన్ పక్షి ఒకటి ఇక్కడ మునిగి
నేను పందెం కాసిన చోట తప్ప ఇంకెక్కడో తేలింది.
పన్నెండో నంబరులో ఓర్డెల్ జనరేటరు
మధ్యాహ్నం నుంచీ ఒకటే పోరు.
పదమూడులో గుడారం వేసుకున్న మువా తాత
సెయింట్ పాల్ నుంచి మూడు గంటలు కారు నడుపుకొచ్చి
"ఇది అడవా, మిల్లా?" అనడిగాడు నన్ను.
నేను ఓర్డెల్‌ని అడిగాను.
ఓర్డెల్ ఆకాశాన్ని అడిగినట్టు పైకి చూసి
టీవీ ఇంకో గీత పెంచాడు.

ఆకాశం పదకొండున్నరకి జవాబు చెప్పింది.

క్యాంపు చూసుకునే వెర్నా
ఫోన్లో హెచ్చరిక చదువుతూనే రబ్బరు బూట్లు తొడుక్కుంది,
ఎడమది కుడికి.
తలుపుల్లేని ఇళ్ళని ఎలా తట్టాలి?
గుడారాల్ని అరచేత్తో చరుచుకుంటూ పరిగెత్తాం.
"లేవండి! అన్నీ వదిలేసి రండి!
సిమెంటు గోడలున్నది స్నానాల గదికొక్కదానికే!"

అన్నీ వదిలేయమంటే
ఎవరూ అన్నీ వదిలెయ్యరు.
ఒకామె ఇనప పెనం తెచ్చింది, కళ్ళజోడు మరిచి.
కొత్త దంపతులు ఒకే స్లీపింగ్ బ్యాగులో
గోతాం పందెంలా గెంతుతూ వచ్చారు.
మువాల మనవడు ఫెంగ్ చెప్పుల్లేకుండా,
రెండు చేతుల్తో బకెట్టు మోసుకుంటూ.
అందులో, పొద్దుటినుంచీ రాళ్ళ కింద వెతికి పట్టిన
పదకొండు క్రేఫిష్‌లు.
ఓర్డెల్ చంకలో కుక్క.
ఓర్డెల్ పైజామా నిండా బాతులు.

నలభై ముగ్గురు. రెండుసార్లు లెక్కపెట్టాను.
పెనం తెచ్చినామె కడుపులో బిడ్డని కలిపితే
ఇంకొకరు.

అప్పుడు దీపాలు పోయాయి.

గాలి అరుస్తుందని విన్నాను గానీ
మింగుతుందని తెలీదు.
పైన్ చెట్టు విరిగిన చప్పుడు రాలేదు,
కాళ్ళకింద నేల మాత్రం ఒకసారి ఉలిక్కిపడింది.
మళ్ళీ. మళ్ళీ.
ఎవరో ప్రార్థన మొదలెట్టి మధ్యలో మరిచిపోయారు.
మువా అవ్వకి ఇంగ్లీషు రాదు.
వణుకుతున్న కుక్కని అడక్కుండానే అందుకుని
దాని చెవిలో హ్మోంగ్‌లో ఏదో చెప్పింది.
కుక్కకి హ్మోంగ్ వచ్చు.

సరిగ్గా అప్పుడే
ఎవరి కాలో బకెట్టుకి తగిలింది.

చీకటి. తడి నేల. ఎనభై చిల్లర వట్టి పాదాలు.
పదకొండు జతల పట్టకార్లు.

మొదటి కేకకి కప్పు కూలిందనుకున్నాం.
రెండో కేకకి ఎవరో కిసుక్కుమన్నారు.
మూడోదానికి గది మొత్తం మోకాళ్ళ మీదుంది,
ఫోన్ల వెలుతురు నేలకి ఆనించి.
"అదిగో, సింకు కింద!"
"అది నా బొటనవేలండీ!"
ఓర్డెల్ బాతులతో సహా బెంచీ కిందకి దూరి
వేలికి వేలాడుతున్నదాన్ని పైకెత్తి
"ఏడు!" అని అరిచాడు,
ఎలక్షన్లో గెలిచినట్టు.
దొరికినవాటిని ఆ ఇనప పెనంలోనే వేశాం.
"వండకండి," అన్నాడు ఫెంగ్, చాలా గంభీరంగా.

పది దొరికాయి.
పదకొండోదానికోసం తడుముతూంటే
వెర్నా అంది: "వినండి."
విన్నాం. వినడానికేం లేదు.
గాలి ఎప్పుడు వెళ్ళిపోయిందో
ఒక్కరూ చూడలేదు.

తెల్లారి చూస్తే
పడవొకటి చెట్టుమీద, చెట్టొకటి జనరేటరు మీద.
మువా తాత దాని చుట్టూ ఓసారి తిరిగి
ఏమీ అనలేదు.
అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.
ఓర్డెల్ వేలికి కట్టుతో నా దగ్గరికొచ్చి
వేడినీళ్ళు రావట్లేదని ఫిర్యాదు రాయించాడు.
పది గంటలకల్లా అందరూ తడిగుడ్డలు మూటగట్టారు.
రాత్రి ఒకరి పాదాలొకరు తడుముకున్న సంగతి
ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఆరింటికి మళ్ళీ తుడిచాను.
నాలుగో షవరు జాలీ పక్కన
డెక్కలు రెండూ పైకెత్తి
నా మాప్‌కర్రతో యుద్ధానికి సిద్ధంగా, అది.
చేటలో ఎక్కించుకుని రేవు దాకా మోశాను.
క్రేఫిష్ ముందుకి పారిపోదు.
తోక ముడిచి, నన్నే చూస్తూ,
వెనక్కి, వెనక్కి,
నీళ్ళు మూసుకునేదాకా.