గొలుసు

ముప్పై అడుగుల గది, రెండు కిటికీలు.
గ్రీమ్స్‌పేటలో పాత సొసైటీ ఆఫీసు.
దీంట్లో జిల్లాని పట్టించాలి,
వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవాళ్ళకి
పటం అంటే ఏమిటో చూపించాలి.

నేల మీద సుద్దముక్కతో హద్దు గీస్తూ గీస్తూ
పెయింటర్ కపాలి నడుం పట్టుకుని లేచాడు.
"యా జిల్లా సార్? పాతదా, కొత్తదా?"
పాతదైతే తిరుపతి గుమ్మం దాటుతుంది,
మదనపల్లె కిటికీలోంచి దూకాలి.
"రెండూ గీయబ్బా,
పాతది చుక్కల్లో" అన్నాను.

నీవానదికని నీలం డబ్బా మూత తీస్తుంటే
ఊడ్చే తులసమ్మ చీపురు ఆపింది.
"ఇన్ని నీళ్ళు నేను యాడా చూళ్ళేదు నాయనా."
నిజమే.
నీలం పూసి, పైన జానెడు ఇసుక పోయించాం.
పిలకాయలు చెలమ తీసినట్టు తవ్వుకోవాలి,
అడుగున ఎక్కడో వేళ్ళకి నది తగలాలి.

"ముట్టరాదు" బోర్డులు నాలుగొచ్చాయి, ఎవరు పంపారో.
బీరువా వెనక్కి తోసేశాం.
బల్లల కాళ్ళు కోయించాం
మా ఎనిమిదేళ్ళదాని గడ్డం ఎత్తుకి.

నిన్న సాయంత్రం నాదముని వచ్చాడు,
సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా రిటైరైన మనిషి.
సైకిల్ క్యారియర్ మీద గోనెసంచి.
విప్పితే గలగలా ఇనప గొలుసు,
ఇత్తడి పిడులు, పలమనేరు మిట్టల తుప్పు.
ఈ గోడ నుంచి ఆ గోడకి రెండుసార్లు పరిచినా
ఇంకా మూడు మూరలు మిగిలింది.

పాప ఒక్కో లింకు మీదా అడుగేసి లెక్కపెట్టింది.
తొంభై ఏడు.
వెనక్కి నడిచింది. తొంభై ఏడే.
"నూరుండాలి కదా తాతా?"

నాదముని కండువాతో మెడ తుడుచుకున్నాడు.
"మూడు ఊడిపోయినాక గూడా
రెండేండ్లు దీంతోనే కొలిచినాం.
ఎవురికీ తక్కువ రాలేదు పాపా,
కాయితం మీద అందరికీ రవ్వంత ఎక్కువే."

రాత్రి పదకొండు.
గొలుసు పక్కన పెట్టే అట్ట రాస్తున్నాను.
"సర్వే గొలుసు, నూరు లింకులు" కొట్టేశాను.
"తొంభై ఏడు" రాసి, అదీ కొట్టేశాను.
ఏ పల్లెలో, ఎవరి శనగచేను
ఇంకా ఆ మూడు లింకుల మేర
లేని నేలకి శిస్తు కట్టిందో.

అట్ట తిరగేసి
లావు అక్షరాలతో రాశాను:
లెక్కపెట్టి చూడండి.