మూడో రకం

హుసావిక్ రేవులో కాటా గది.
కాడ్ చేపల తొట్లు తూకానికి వరస కట్టాయి,
కంప్యూటరేమో లేవనంటోంది.

స్పేస్ బార్ నొక్కింది స్టెయినున్.
మౌస్‌ని బల్లంతా ఈడ్చింది.
లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది,
పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.
ఊపిరుంది. ఉలుకూ పలుకూ లేదు.

"వైరు పీకి మళ్ళీ పెట్టు" అన్నాడు హల్గ్రిమూర్.
ఇంజనుకైనా ఇన్‌ఫ్లుయెంజాకైనా
ఆయన దగ్గర ఒకటే మందు.
పొద్దుటి నుంచీ ఎక్కించిన పద్నాలుగు పడవల తూకాలు
ఇంకా సేవ్ చెయ్యలేదని
ఆమె నోరు విప్పి చెప్పలేదు.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు,
నటించేవాణ్ణి లేపలేం అంటారు గానీ
మూడో రకం కూడా ఉంది:
ఎప్పుడో లేచే ఉంటుంది,
లేచానని చెప్పే దారి ఉండదు.

గ్లౌజులు తీసింది స్టెయినున్.
నల్లటి తెర మీద
ఎక్కడుందో తెలియని గడిలో
పాస్‌వర్డ్ కొట్టింది, ఒక్కో అక్షరమే,
కరెంటు పోయినప్పుడు
పిల్లాడి చొక్కా గుండీలు పెట్టినట్టు.
ఎంటర్.

టింగ్‌మంది.

చేపల వాసన వేసే తలలన్నీ ఇటు తిరిగాయి.
అప్పటికే ఆమె బల్ల కిందికి దూరింది.
మానిటర్ కేబుల్ చివర
ఉప్పు పట్టి, మెడ వాల్చేసిన పిన్ను,
సన్నగా, ఒక్కటంటే ఒక్కటి.
గోటితో నిలబెట్టి
కేబుల్ మళ్ళీ బిగించింది.

పద్నాలుగు పడవలూ చెక్కు చెదరలేదు.
పదిహేనో గడిలో
కర్సర్ టపటపా కొట్టుకుంటోంది.

"పడవ పేరు?" అనడిగింది
హల్గ్రిమూర్‌ని,
ముప్పై ఏళ్ళుగా రోజూ రాస్తున్న ఆ పేరునే.